వాలు దారిలో బగ్గీ

నడవలేని బిడ్డకు కూర్చోబెట్టి తోసే బగ్గీ కొన్నంత మాత్రాన భద్రత వచ్చేసినట్టు కాదు. తిరిగే నేలను బట్టి దాని వాడకం మారాలి. ఉదాహరణకు, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్, తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన ఊరు, గుట్టల మీద ఉంది. బిడ్డ, బండి కలిపి 36 కిలోలు అనుకుందాం. పన్నెండు అడుగులకు ఒక అడుగు లేచే వాలులో బండి సుమారు 3 కిలోల బరువుతో కిందికి లాగుతుంది. ఆరడుగులకే ఒక అడుగు లేస్తే ఆ లాగుడు రెట్టింపు. చెమట పట్టిన చేతిలోంచి పిడి జారడానికి అది చాలు. అందుకే పిడికి కట్టిన పట్టీ తోసేవారి మణికట్టుకు ఉండాలి, ఆగిన ప్రతిసారీ బ్రేకు వేయాలి. కూరగాయల సంచి పిడికి తగిలిస్తే ఎక్కుడు దారిలో బండి వెనక్కి తిరగబడే ప్రమాదముంది. పైగా ఉప్పుగాలికి బోల్టులు, బ్రేకు తీగలు తుప్పు పడతాయి. సముద్రపు ఒడ్డు నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, బ్రేకు పట్టు చూడాలి.

ఇంత శ్రమకన్నా ఎత్తుకోవడమే నయం అంటారు కొందరు. రెండేళ్ల బిడ్డకైతే సరే. పదేళ్ల బిడ్డను తడిసిన జెట్టీ మెట్ల మీద మోస్తే ఇద్దరూ పడొచ్చు. బెల్టులు వేస్తే బిడ్డను కట్టేసినట్టుంటుందన్న బాధ నిజమైనదే, కానీ నడుము నిలవని బిడ్డకు తుంటి బెల్టే ఆసరా. ఒక్క చిన్న పడవలో మాత్రం ఆ అభ్యంతరం పూర్తిగా సరైనది: పడవ తిరగబడితే బెల్టు వేసిన బిడ్డ బండితోపాటే మునిగిపోతుంది. అక్కడ బిడ్డను దించి, లైఫ్ జాకెట్ తొడిగి, పక్కనే పట్టుకుని కూర్చోవాలి. బండిని మడిచి విడిగా కట్టాలి. ఇక జెట్టీల్లో, బస్టాండ్లలో ర్యాంపుల సంగతి కుటుంబం చేతిలో లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆ బాధ్యతను ప్రభుత్వాల మీదే పెట్టింది.