కరెంటు బిల్లు షాక్ కొడితే

ఇంట్లో ఒకరు బీటెక్ చదువుతున్నారంటే చాలు, మిక్సీ రిపేరు నుంచి టీవీ రిమోట్ దాకా అన్నీ వాళ్ల ఖాతాలోకే వస్తాయి. సివిలా, సీఎస్ఈనా అని ఎవరూ అడగరు. "నువ్వు ఇంజనీరువి కదరా, ఈ బిల్లేందో చూడు" అని నానమ్మ కాగితం చేతిలో పెడితే మాత్రం తప్పించుకోకండి. ఇది నిజంగా మన పనే. ఇందులో ఉన్నది కూడికలు, తీసివేతలు, కాస్త ఓపిక. అంతే.

ఎందుకు పట్టించుకోవాలంటే, పెద్దవాళ్లు ఇలాంటప్పుడు రెండు పనులు చేస్తారు. మొదట అప్పో సొప్పో చేసి బిల్లు కట్టేస్తారు. తర్వాత మే నెల ఎండలో కూడా ఫ్యాను ఆపుకుని కూర్చుంటారు. "ఆఫీసుకు పోయి కొట్లాడితే లైను కట్ చేస్తారేమో" అన్న భయం ఒకటి. తప్పు బిల్లు వల్ల పోయేది డబ్బు ఒక్కటే కాదు.

ఎక్కువ బిల్లు వేరు, తప్పు బిల్లు వేరు

ముందు గత ఆరు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టండి. కాగితాలు లేకపోతే డిస్కం వెబ్‌సైట్‌లో సర్వీసు నంబరు కొట్టి చూడొచ్చు. యూనిట్లు ఎప్పటిలాగే ఉండి డబ్బు మాత్రమే పెరిగితే మీటరును అనుమానించక్కర్లేదు. పాత బకాయి, ఏసీడీ అనే అదనపు డిపాజిట్, ఆంధ్రాలో అయితే ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ ఛార్జీలు, వీటిలో ఏదో ఒక లైను కొత్తగా చేరి ఉంటుంది.

యూనిట్లు కొద్దిగా పెరిగి డబ్బు బాగా పెరిగితే అది శ్లాబుల మహిమ. తెలంగాణలో 2022 నుంచి ఉన్న గృహ టారిఫ్‌లో వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి 100కి యూనిట్ 3.40 రూపాయలు, తర్వాతి 100కి 4.80. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు. 201 అయిందంటే వర్గమే మారిపోతుంది. మొదటి 200కి 5.10 చొప్పున, ఆ ఒక్క యూనిట్‌కి 7.70. మొత్తం 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంట్లో 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. అందుకే రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 30కి బదులు 36 రోజులకు రీడింగ్ తీసి ఉంటే, శ్లాబును రోజుల ప్రకారం సర్దారా అని గట్టిగా అడగండి.

రీడింగ్ తప్పయితే

యూనిట్లే ఒక్కసారిగా ఎగబాకితే బిల్లు పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లండి. ఒక ఉదాహరణ చూద్దాం. నానమ్మ ఒక్కతే ఉండే ఇల్లు, నెలకు తొంభై చిల్లర యూనిట్లు. పోయిన నెల రీడింగ్ 8427. ఈ నెల 8519 ఉండాలి, 92 యూనిట్లన్నమాట. బిల్లులో 9519 అని పడింది. ఒక్క అంకె తప్పు, కానీ వాడకం 1092 యూనిట్లయింది. 92 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు సుమారు 228 రూపాయలు. 1092 యూనిట్లకు 9410!

ఇప్పుడు మీటరులో 8531 కనిపిస్తోందనుకోండి. వారం కిందటి బిల్లులో 9519 ఉంటే, ఇవాళ మీటరులో 8531 ఎలా ఉంటుంది? మీటరు వెనక్కి తిరగదు కదా. ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు. మీటరు నంబరు, అంకెలు రెండూ కనపడేలా ఫోటో తీయండి, తేదీతో సహా.

బిల్లు మీద 'డోర్ లాక్' అని ఉంటే అది సగటు బిల్లు. అసలు రీడింగ్ తీశాక దాన్ని సర్దాలి.

రీడింగ్ సరిగ్గానే ఉంటే

అప్పుడు మన ల్యాబ్ పని మొదలు. ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపి, ప్లగ్గులు పీకేసి, మీటరు మీద మిణుకుమనే ఎర్ర లైటును పది నిమిషాలు చూడండి. అది ఇంకా మిణుకుమంటుంటే మెయిన్ స్విచ్ కూడా ఆపండి. అప్పుడు ఆగిపోతే లీకేజీ ఇంటి వైరింగ్‌లోనే ఉంది, ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. మెయిన్ ఆపినా మిణుకుమంటుంటే మీటరులోనో, మీటరుకూ మెయిన్‌కూ మధ్యలోనో తేడా ఉంది. అది డిస్కం చూడాలి.

ఇంకో పరీక్ష. మీటరు మీద కిలోవాట్ అవర్‌కి 3200 పల్స్‌లు అని ఉందనుకుందాం. వెయ్యి వాట్ల వాటర్ హీటర్ ఒక్కటే వేస్తే నిమిషానికి 53 సార్లు వెలగాలి. వోల్టేజీని బట్టి కాస్త అటూఇటూ అవుతుంది. 80, 90 వస్తే మాత్రం మీటరు టెస్టింగ్‌కి దరఖాస్తు పెట్టాల్సిందే. 2024లో సవరించిన కేంద్ర విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగ్ వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే 5 రోజుల్లో అదనపు మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి.

మీటరు సీలు మాత్రం ముట్టుకోవద్దు. మనం ఎంత ఈఈఈ అయినా సరే.

ఒక్క పేజీ ఉత్తరం

1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కానీ దాంతో ఆగొద్దు. నోటిమాట ఆఫీసు గుమ్మం దాటదు, కాగితమే దాటుతుంది. ఏఈ పేరున ఇంత రాస్తే చాలు:

"నా సర్వీసు నంబరు ఇది. ఈ నెల బిల్లులో రీడింగ్ 9519గా నమోదైంది. ఈ రోజు మీటరులో 8531 ఉంది. ఫోటో, గత ఆరు నెలల బిల్లుల నకళ్లు జతపరిచాను. రీడింగ్ సరిచూసి, సవరించిన బిల్లు ఇప్పించగలరు."

రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండూ 2003 విద్యుత్ చట్టం 42వ సెక్షన్ ఇచ్చినవే. లాయర్ అక్కర్లేదు.

మరి ఈలోగా లైను కట్ చేస్తే? అదే చట్టంలో 56వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. బకాయి కోసం సరఫరా ఆపాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది 'అండర్ ప్రొటెస్ట్' అని రాసి కడితే, వివాదం తేలేదాకా కరెంటు ఆపకూడదు. అంటే 9410 అప్పు చేసి కట్టక్కర్లేదు, ఎప్పుడూ కట్టేంత కడితే చాలు. యాప్‌లో తక్కువ కట్టడం కుదరకపోతే రెవెన్యూ ఆఫీసుకు వెళ్లి కట్టండి. నానమ్మకు మొదట చెప్పాల్సిన మాట ఇదే. ఆ రాత్రి నుంచైనా ఫ్యాను వేసుకుని పడుకుంటుంది.

చివరగా ఒక మాట. ఆఫీసుకు వెళ్లినప్పుడు మొత్తం మనమే మాట్లాడేయకూడదు. సర్వీసు నానమ్మ పేరున ఉంటే సంతకం ఆమెదే, ఫిర్యాదు ఆమెదే. ఇంటి దగ్గరే ఒకసారి మీటరు చూపించి, ఏ అంకె ఎక్కడుంటుందో చెప్పండి. ప్రతి నెలా ఒకటో తారీఖున క్యాలెండర్ మీద ఆ అంకె రాసుకోమనండి. పాలవాడి లెక్క, చీటీ లెక్క తప్పు లేకుండా చూసుకునే మనిషికి ఇదేం కష్టం కాదు. వచ్చే నెల తేడా వస్తే, మనం హాస్టల్ నుంచి వచ్చేదాకా ఆగకుండా బిల్లిచ్చేవాణ్ని గుమ్మంలోనే ఆపి అడుగుతుంది.