చెరుకు బండి వెనక బొటనవేలంత పిన్ను

చెరుకు కొట్టే కాలంలో తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు వచ్చే రోడ్డు మీద మనం రోజూ చూసేదే. ముందు ట్రాక్టరు, వెనక నిండా చెరుకు వేసుకున్న ట్రైలరు, దాని వెనక మన బస్సు. కనకమ్మ సత్రం దగ్గర ఆ బండి తిరువాలంగాడు చక్కెర మిల్లు వైపు తిరిగితే గాని మన బస్సుకు దారి దొరకదు.

ఆ ట్రైలరును ట్రాక్టరుకు పట్టి ఉంచేది ఒకే ఒక్క పిన్ను. పోయిన సీజన్‌లో మా పెద్దనాయన బండికి అదే ఊడింది. మిట్ట ఎక్కుతూండగా ట్రైలరు వెనక్కి జారి కాలువ గట్టుకు కొట్టుకుని ఆగింది. వెనక స్కూటీ మీద వస్తున్న ఇద్దరు సమయానికి పక్కకు తిప్పుకున్నారు. మర్నాడు రోడ్డు మీద వెతికితే పిన్ను దొరికింది. విరగలేదు, వంగనైనా లేదు! మరి ఎందుకు ఊడింది?

ముందు దాని బలం ఎంతో చూద్దాం. ట్రాక్టరు వెనక రెండు పలకల దవడ ఉంటుంది. ట్రైలరు నొగ చివరి రింగును ఆ రెంటి మధ్యకు తెచ్చి, పైనుంచి పిన్ను దించుతారు. అది తెగాలంటే పై పలక దగ్గరా కింది పలక దగ్గరా, రెండు చోట్ల ఒకేసారి తెగాలి. మామూలు స్టీలును అడ్డంగా కోయడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 24 కిలోల బలం కావాలి. 25 మిల్లీమీటర్ల లావు పిన్ను అడ్డుకోత వైశాల్యం 490 చదరపు మిల్లీమీటర్లు. రెండు చోట్లా కలిపి లెక్కేస్తే దాదాపు 23 టన్నులు! ట్రైలరుతో కలిపి 8 టన్నుల బరువును పదికి ఒకటి వాలున్న మిట్ట ఎక్కించడానికి కావలసిన లాగుడు ఒక టన్ను దరిదాపుల్లోనే ఉంటుంది.

అయితే ఈ లెక్క కొత్త పిన్నుకు, బిగువుగా కూర్చున్న పిన్నుకు. దవడ మధ్య ఎడం ఎక్కువై రింగు వదులుగా ఆడుతూంటే, బ్రేకు వేసినప్పుడల్లా, గేరు మార్చినప్పుడల్లా రింగు సుత్తిలాగా పిన్నును కొడుతుంది. అప్పుడది తెగడం కన్నా ముందు వంగుతుంది. అరిగి 25 కాస్తా 20 మిల్లీమీటర్లయితే కోతను తట్టుకునే శక్తి 64 శాతానికి, వంపును తట్టుకునే శక్తి సగానికి పడిపోతాయి. అరిగిన గాడి దగ్గరే సన్నని పగులు పుట్టి రోజూ కాస్త కాస్త లోపలికి పోతుంది. పిన్ను పోయిందని ఇల్లు కట్టే కమ్మీని వంచి గుచ్చేవాళ్ళూ ఉన్నారు. 16 మిల్లీమీటర్ల కమ్మీకి అదే స్టీలైనా వంపుబలం నాలుగో వంతే. పోనీ బాగా గట్టి స్టీలు వేద్దామా అంటే, మరీ గట్టిపడినది వంగి హెచ్చరించదు, టక్కున విరుగుతుంది.

పెద్దనాయన పిన్నుకు ఇవేవీ జరగలేదు. దాని అడుగున చిల్లులో ఉండాల్సిన క్లిప్పు ఎప్పుడో పడిపోతే, బదులుగా కట్టుతీగ చుట్టారు. గుంతల్లో ఎగిరెగిరి తీగ తెగింది, పిన్ను పైకి లేచి వచ్చేసింది. 23 టన్నులు మోయగలదాన్ని చోటున నిలిపింది మూరెడు తీగ.

తెలుగు చదువుకుంటున్నాం కాబట్టి ఒక మాట. ఎద్దుల బండి ఇరుసు చివర, చక్రం జారకుండా పెట్టే మేకును మన పెద్దలు కడసీల అనేవారు. తమిళంలో అది అచ్చాణి. తిరుక్కురళ్ 667లో తేరుకు ఉన్నది అదే. ఇరుసుది వేరు, నొగది వేరు, కానీ చేసే పని ఒకటే. ట్రాక్టరు పిన్నుకు మాత్రం రెండు భాషల్లోనూ పిన్నే అంటున్నాం.

ఇప్పుడు పెద్దనాయన కొత్త పిన్ను వేయించి, క్లిప్పును చిన్న గొలుసుతో నొగకే కట్టేశాడు. పిన్ను ఊడినా నొగ నేలను తాకకుండా కింద రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి బిగించాడు. స్కూటీ మీద వచ్చే అక్కలు మాత్రం మిట్ట దగ్గర ట్రైలరుకు ఆనుకుని రావద్దు.

బండి కదిలే ముందు మా పెద్దమ్మ "క్లిప్పు చూసినావా?" అని అడుగుతుంది. చూశానని చెప్పినా, తనే వచ్చి ఒకసారి వంగి చూస్తుంది.