బి.ఇడి. ఫీజు కట్టే ముందు ఇంట్లో వేసుకోవలసిన లెక్క

డిగ్రీ పూర్తి చేసిన ఆడపిల్ల ఇంట్లో ఉందంటే చాలు, "బి.ఇడి. చేయించెయ్యండి, టీచరు ఉద్యోగం ఆడపిల్లకు గౌరవంగా ఉంటుంది" అన్న సలహా మన ముస్లిం కుటుంబాలలో తరచుగా వినిపిస్తుంది. ఉపాధ్యాయ వృత్తి గౌరవప్రదమైనదే. బడి వేళలు ఇంటి పనులకు అనుకూలంగానే ఉంటాయి. అయితే గౌరవం వేరు, ఆదాయం వేరు. మెకానిక్ షెడ్డు మీదనో, కుట్టుమిషను మీదనో, పండ్ల బండి మీదనో బతికే కుటుంబం తల్లి చేతి గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టేటప్పుడు ఈ రెండింటినీ విడివిడిగా చూడటం అవసరం. ఆ సొమ్ము ఒక్క బిడ్డది కాదు. తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి కూడా దాని మీదే ఆధారపడి ఉంటాయి.

ఖర్చు అంటే ఫీజు ఒక్కటే కాదు

ఒకప్పుడు బి.ఇడి. ఏడాది చదువు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో నిబంధనలు మార్చడంతో 2015-16 నుంచి అది రెండేళ్ల చదువు అయింది. దానితో ఫీజే కాదు, సంపాదన లేని కాలం కూడా రెట్టింపయింది. చాలామంది తల్లిదండ్రులు ఈ రెండవ దానిని లెక్కలోకి తీసుకోరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఫీజు, బస్సు చార్జీలు, పుస్తకాలు, రికార్డులు అన్నీ కలిపి ఏడాదికి రూ.60 వేలు అవుతాయనుకుందాం. రెండేళ్లకు రూ.1 లక్షా 20 వేలు. అదే డిగ్రీతో ఏదైనా దుకాణంలో లెక్కలు రాసినా నెలకు రూ.10 వేలు వచ్చేదనుకుంటే, రెండేళ్లలో వదులుకున్నది రూ.2 లక్షల 40 వేలు. అంటే బి.ఇడి. అసలు ఖరీదు రూ.3 లక్షల 60 వేలు. ఈ అంకెల స్థానంలో మీ ఊరి కాలేజీ ఫీజు, మీ పిల్లలకు రాగల జీతం వేసుకుని చూడండి. మొత్తం మారవచ్చు గాని లెక్క వేసే పద్ధతి మారదు.

ఫీజు రీయింబర్సుమెంటు ఉంది గదా అనే ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. ప్రభుత్వ బకాయిలు రాలేదంటూ కొన్ని కాలేజీలు విద్యార్థి దగ్గరే ముందుగా ఫీజు వసూలు చేయడం, కట్టకపోతే సర్టిఫికెట్లు ఆపడం మనకు తెలిసిన సంగతే.

రాబడి రెండు విధాలు

ఇక వచ్చేది చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2022 వేతన సవరణ ప్రకారం స్కూల్ అసిస్టెంటు మూలవేతనం రూ.44,570తో మొదలవుతుంది. ప్రాథమిక పాఠశాలలో పనిచేసే సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ) మూలవేతనం రూ.32,670. తెలంగాణలో 2020 సవరించిన స్కేళ్లలో ఇవి రూ.42,300, రూ.31,040. వీటిపై కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం అదనం. పై ఉదాహరణలోని అమ్మాయి ఆంధ్రప్రదేశ్‌లో స్కూల్ అసిస్టెంటు అయితే, దుకాణం జీతం కంటే నెలకు రూ.34 వేలకు పైగా ఎక్కువ వస్తుంది. పెట్టిన ఖరీదంతా 11 నెలలలోపే తీరిపోతుంది.

అదే అమ్మాయి వీధి చివరి ప్రైవేటు స్కూలులో రూ.12 వేలకు చేరిందనుకోండి. దుకాణం జీతం మీద ఎక్కువ వచ్చేది నెలకు రూ.2 వేలు, ఏడాదికి రూ.24 వేలు. పెట్టిన రూ.3 లక్షల 60 వేలు తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. చిన్న స్కూళ్లలో చాలాచోట్ల వేసవి నెలలకు జీతం ఉండదు గనుక ఇంకా ఎక్కువే పట్టవచ్చు. ఒకే డిగ్రీ ఒకరికి ఏడాదిలోపే ఫలితమిస్తే, మరొకరికి సగం జీవితం పట్టవచ్చునన్న మాట.

మధ్యలో నిరీక్షణ

ఈ రెండు దారుల మధ్య నిలబడినదే డీఎస్సీ. తెలంగాణలో 2017లో ఉపాధ్యాయ నియామకాలకు ప్రకటన వెలువడిన తర్వాత మళ్లీ 11,062 పోస్టుల డీఎస్సీ 2024లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో జరిగింది. రెండుచోట్లా ఎడం సుమారు ఏడేళ్లు. ఆ మెగా డీఎస్సీకి 3 లక్షల 30 వేలకు పైగా అభ్యర్థులు దరఖాస్తు చేశారు. అంటే ఒక్కో పోస్టుకు సుమారు 20 మంది. 22 ఏళ్లకు బి.ఇడి. పూర్తి చేసిన పిల్ల తదుపరి నోటిఫికేషన్ నాటికి ముప్పైకి దగ్గర కావచ్చు. ఈలోగా పెళ్లి, పిల్లలు, కాపురం. పుస్తకం పట్టే తీరిక ఎక్కడ? కాబట్టి బి.ఇడి. ఖర్చుతో పాటు ఈ నిరీక్షణ కాలంలో ఇల్లు ఎలా గడుస్తుందన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి.

డి.ఎల్.ఇడి.ని చిన్నచూపు చూడవద్దు

ఇంటర్ తర్వాత చేసే రెండేళ్ల డి.ఎల్.ఇడి.ని, అంటే పాత డి.ఇడి.ని, మనవాళ్లు తక్కువ చదువుగా భావిస్తారు. కాని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో 1 నుంచి 5 తరగతుల బోధనకు బి.ఇడి. అర్హత చెల్లకుండా పోయింది. ఎస్‌జీటీ పోస్టుల పోటీలో బి.ఇడి. వారు లేరు. తెలంగాణ 2024 డీఎస్సీలో ఎస్‌జీటీ పోస్టులు 6,508 ఉండగా, స్కూల్ అసిస్టెంటు పోస్టులు 2,629 మాత్రమే. స్కూల్ అసిస్టెంట్లలో చాలామంది పదోన్నతి మీద వచ్చేవారే గనుక నేరుగా భర్తీ చేసేవి తక్కువగా ఉంటాయి.

ఇంటర్ పూర్తయిన బిడ్డకు బోధన మీద నిజంగా ఆసక్తి ఉంటే ఈ దారిలో ఖర్చు తక్కువ, అవకాశం ఎక్కువ. డిగ్రీ ఆ తర్వాత చదువుకోవచ్చు. ఉద్యోగం వచ్చాక జీతం తీసుకుంటూనే దూరవిద్యలో బి.ఇడి. చేసే వీలు కూడా ఉంది. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పనిచేస్తున్న ఉపాధ్యాయుల కోసం అటువంటి కోర్సు నడిపింది.

ఉర్దూ మాధ్యమం వారికి

ఉర్దూ మాధ్యమం పోస్టులను డీఎస్సీలో వేరుగా చూపుతారు. వీటికి పోటీపడేవారు తెలుగు మాధ్యమం కంటే తక్కువ. అయితే జిల్లాకు ఎన్ని పోస్టులు వస్తాయన్నది, వాటిలో మన కేటగిరీకి ఎన్ని దక్కుతాయన్నది ముఖ్యం. గత నోటిఫికేషన్లో మీ జిల్లా పట్టిక చూస్తే ఒక అంచనా వస్తుంది. పదో తరగతి ఏ మాధ్యమంలో చదివారన్నది అర్హతకు కీలకం కనుక ఆ నిబంధనను స్వయంగా చదువుకోవాలి.

తెలంగాణలో 2016లో మొదలై 204కు పెరిగిన మైనారిటీ గురుకులాలు మరో ద్వారం. వాటి నియామకాలు గురుకుల బోర్డు ద్వారా జరుగుతాయి. కనుక డీఎస్సీ ఒక్కదాని మీదే కళ్లు పెట్టుకోనక్కర లేదు.

నిర్ణయానికి ముందు

మొదటిది, టెట్. దీని మార్కులకు డీఎస్సీలో 20 శాతం వెయిటేజి ఉంది. 2021 నుంచి ఇది జీవితకాలం చెల్లుతుంది. ఒకసారి మంచి మార్కులు తెచ్చుకుంటే మళ్లీ రాయనక్కర లేదు. 150 మార్కులకు ఓసీలకు 90, బీసీలకు 75 ఉత్తీర్ణత మార్కులు. బి.సి.-ఇ పరిధిలోకి వచ్చే వర్గాల వారు కుల ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. బి.ఇడి.లో చేరకముందే పాత టెట్ ప్రశ్నపత్రం ఒకటి ఇంట్లో గడియారం పెట్టుకుని రాసి చూడండి. ఉత్తీర్ణతకు చాలా దూరంలో ఉంటే ముందు దానికి తయారు కావడమే మేలు. ఆ పరీక్షకు ఖర్చు లేదు.

రెండవది, డిగ్రీలో చదివిన సబ్జెక్టులు ఏ స్కూల్ అసిస్టెంటు పోస్టుకు సరిపోతాయో చూసుకోవాలి. సరిపోకపోతే బి.ఇడి. పట్టా చేతిలో ఉన్నా దరఖాస్తు చేయలేరు.

మూడవది, "కాలేజీకి రానక్కర లేదు, హాజరు మేము చూసుకుంటాం" అని డబ్బు అడిగే చోట చేరవద్దు. అక్కడ దొరికేది కాగితం మాత్రమే. డీఎస్సీ పరీక్ష గదిలో ఆ కాగితం ప్రశ్నలకు జవాబు చెప్పదు.

నాల్గవది, అప్పు. ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుని కన్వీనరు సీటు పొందితే ఖర్చు తగ్గుతుంది. మేనేజిమెంటు సీటు కోసం వడ్డీకి అప్పు చేయడం కంటే ఒక ఏడాది ఆగి మళ్లీ ఎడ్‌సెట్ రాయడం నయం. ఆ ఏడాది చిన్న ఉద్యోగమో, ట్యూషన్లో చూసుకుంటే బస్సు చార్జీలైనా పోగవుతాయి.

ఈ లెక్కలన్నీ వేశాక కూడా బిడ్డకు బోధన మీద మమకారం ఉండి, నాలుగేళ్లు పట్టుదలగా చదివే ఓపిక ఉంటే, సంకోచించకుండా చేర్పించండి. మన బస్తీలకు మంచి టీచర్లు కావాలి. కాని వేరే ఏమీ తోచక, నలుగురూ చేరుతున్నారని చేర్పించేట్లయితే మాత్రం గాజులు తాకట్టుకు తీసుకెళ్లే ముందు ఆ బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి: "బేటీ, నీకు నిజంగా ఏం కావాలి?"