తాడుపై అడవి దాటుట
జిప్‌లైన్‌ను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన సంగతులు

బావి గిలకను ఎరుగని పల్లెవాసి ఉండడు. గిలక ఒకచోట నిలిచి తిరుగుచుండును. దానిపై తాడు పరుగెత్తును. తాడు చివర చేద నీటిలోనికి దిగును. ఈ ఏర్పాటునే తారుమారు చేసి, తాడును రెండు ఎత్తయిన స్థలముల నడుమ బిగించి కట్టి, గిలకను దానిపై పరుగెత్తించి, చేదకు మారుగా మనిషిని వ్రేలాడదీసినచో అది నేడు జిప్‌లైన్ అని పిలువబడు వినోదసాధనమగును. దీనికి ఇంజను లేదు, విద్యుత్తు లేదు. ఎత్తుననున్నది పల్లమునకు జారుట అను సహజధర్మమే దీనిని నడుపుచున్నది.

ఇట్టి సంగతిని పంచాయతీ సభ్యులకు వ్రాయనేల అని కొందరికి తోచవచ్చును. కారణమున్నది. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములు నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితోను, సూర్యాపేట పరిసరములు మూసీ, శ్రీరామసాగరు కాలువల నీటితోను వరిచేలైనవి. చేలు పెరిగినచోట అడవి మిగులలేదు. రాష్ట్రములో అడవి మిక్కిలి తక్కువగానున్న జిల్లాలలో సూర్యాపేట ఒకటి. మిగిలిన కొద్దిపాటి అడవి గుట్టలను అంటిపెట్టుకొని యున్నది. విజయవాడ రహదారిపై పోవువారికి కనబడు ఉండ్రుగొండ అట్టిది. పాతకోట గోడలు, నరసింహస్వామి ఆలయము, వాటి చుట్టును చెట్లు. ఇట్టి గుట్టలపై ఇప్పుడు వినోదవ్యాపారుల దృష్టి పడుచున్నది.

ఇటీవల ఈ ప్రాంతపు ఒక గ్రామమునకు ఒక సంస్థవారు వచ్చి, గుట్టపైనుండి చెరువుకట్ట ప్రక్కకు తాడు కట్టుదుమనియు, ఏటేట పంచాయతీకి కొంత సొమ్ము చెల్లింతుమనియు, అందుకు సభ్యులు తీర్మానము చేసి ఇచ్చిన చాలుననియు చెప్పిరి. తీర్మానపు కాగితమును సైతము వారే టైపు చేయించి తెచ్చిరి. సర్పంచిగానున్న మహిళ దానిని చదివి, మడిచి పెట్టి, "ముందు మేము ఎక్కి చూస్తాం, తరువాత సంతకం సంగతి" అనిరి. ఆమెతోను, నలుగురు వార్డు సభ్యులతోను కలిసి మేమును బయలుదేరితిమి.

మహబూబ్‌నగరము చెంత అప్పన్నపల్లి అడవిలోని ఎకో పార్కునకు పోయితిమి. అది ఎండకాలమున ఆకు రాల్చు మెట్ట అడవి. నెమళ్ళ కూతలు వినబడుచుండెను. సీతాఫలపు చెట్లు విస్తారముగానున్నవి. మహబూబ్‌నగరపు సీతాఫలమునకు పేరున్నను, ఆ చెట్టు అమెరికా ఖండమునుండి వచ్చినదేగాని మన అడవిలో పుట్టినది కాదు. మనదన్నది తునికి, మోదుగ, చండ్ర, రేల. ఏది మన చెట్టో ఏది వచ్చి చేరినదో తెలియుట మన కథకు అవసరమగును గనుక ఇచ్చట చెప్పుచున్నాము.

తలకు టోపీ పెట్టిరి. నడుమునకును తొడలకును పట్టీలు చుట్టి బిగించిరి. పట్టీలను గిలకకు కొక్కెములతో తగిలించిరి. అరుగు అంచున నిలిచినప్పుడు మా కాళ్ళు వణకినమాట నిజము. గ్రామములకు ధైర్యము చెప్పు ఉద్యోగములో ఇరువది సంవత్సరములు గడపినను, పాదముల క్రింద నేల లేనప్పుడు ఆ అనుభవమేమియు అక్కరకు రాలేదు. ఒక అడుగు ముందుకు వేసితిమి. గిలక చేసిన ఝుంకారము చెవులు నింపెను. చెట్లకొనలు మా పాదముల క్రిందుగా వెనుకకు పరుగెత్తెను. అడవిని ఎల్లప్పుడును క్రిందినుండి చూచినవారము, మొదటిసారి పక్షి చూచునట్లు చూచితిమి. చెట్టునకు తలయు ముఖమును ఉన్నవని అప్పుడు తోచినది. అవతలి అరుగు చేరి, ఊపిరి తీసికొని, మరల ఎక్కవలెనని కోరికయు కలిగినది. ఈ వినోదములో ఆకర్షణ లేదని మేము చెప్పజాలము.

సర్పంచి మా తరువాత వచ్చిరి. ఆమె మావలె కేక వేయలేదు.

వేగము సంగతి చూతము. జారువాడు మొత్తముమీద 10 మీటర్ల ఎత్తు దిగినచో, గాలి అడ్డును, గిలక రాపిడియు లేవనుకొన్నయెడల, అతని వేగము గంటకు సుమారు 50 కిలోమీటర్లగును. గాలియు రాపిడియు ఇందులో కొంత హరించును. బరువైనవానిని గాలి అంతగా ఆపలేదు. తేలికైన బాలుని ఆపును. కనుకనే లావుపాటి మనిషి అవతలి అరుగునకు దూకుడుగా వచ్చిపడును. చిన్నపిల్లవాడు ఎదురుగాలి వీచిన దినమున తాడు నడుమనే నిలిచిపోవును. ఎక్కువారిని ముందుగా తూచుటయు, గాలివానలో ఆట నిలుపుటయు ఇందుకే. తూచని చోట ఎక్కరాదు.

తాడు విషయము మరింత గమనింపదగినది. దండెమును మిక్కిలి బిగించి కట్టి దానిపై తడి దుప్పటి వేసినచో గుంజలు లోనికి వంగుట మనమెరిగినదే. దండెమును కొంత వదులుగా కట్టినచో గుంజలు నిలుచును. ఇనుపతాడునకును ఇదే సూత్రము. 100 మీటర్ల దూరమున కట్టిన తాడు నడుమ 80 కిలోల మనిషి వ్రేలాడుచుండగా తాడు 5 మీటర్లు క్రిందికి వంగినచో, ఆ మనిషి వలన తాడుపై పడు లాగుడు 400 కిలోలు. అదే తాడును బిగించి 2 మీటర్లే వంగునట్లు చేసినచో లాగుడు 1000 కిలోలగును. మనిషి బరువు పెరుగలేదు, తాడు పొడవు పెరుగలేదు. బిగింపు మాత్రమే పెరిగినది. తాడు సొంత బరువు వలని లాగుడు దీనికి అదనము. ఇంత లాగుడును దినమునకు నూరుమార్లు భరించవలసినవి రెండు చివరల కట్లు. గుట్టరాతిలో దిగగొట్టిన మేకు మంచిదేనా, రాయి పగులు లేనిదేనా అని చెప్పగలవాడు ఇంజనీరేగాని టిక్కెట్లు అమ్మువాడు కాడు.

మాతో వచ్చిన సభ్యులలో ఒకరు గీతవృత్తివారు. ముప్పది ఏండ్లుగా తాటిచెట్లెక్కినవారు. నడుముపట్టీని చేతిలోనికి తీసికొని, కుట్లను వేలితో తడిమి, కొక్కెమును నాలుగుమార్లు తెరచి మూసి, "ఇది మా మోకు లెక్కనే ఉంది సారూ, కని మా మోకును మేమే చూసుకుంటం. దీన్ని ఎవలు చూస్తరు?" అని అడిగిరి. మేము విన్న ప్రశ్నలలో ఇంతకన్న సూటియైనది లేదు. చెట్టుపైనుండి పడి ప్రాణములు కోల్పోవు గీతకార్మికుల కొరకు రాష్ట్రప్రభుత్వము 2024లో కాటమయ్య రక్షణ కవచమను పేర పట్టీలు, తాళ్ళు గల సామగ్రిని ఇచ్చుట ప్రారంభించినది. జిప్‌లైన్ పట్టీయు ఆ జాతిదే. వాడినకొలది కుట్టు సడలును. ఎండకు నూలు పెళుసగును. కొక్కెపు తాళము అరుగును. గీతకార్మికుడు తన ప్రాణమునకు తానే కాపరి గనుక ప్రతి ఉదయము మోకును చూచుకొనును. వినోదమునకు వచ్చినవాడు పరుల చేతిలోని తాడును నమ్మి గాలిలోనికి అడుగు వేయుచున్నాడు. 2025 జూన్ నెలలో హిమాచలప్రదేశపు మనాలిలో ఇట్టి సవారిలో నుండగా ఒక బాలిక క్రిందపడి తీవ్రముగా గాయపడిన వార్త దేశమంతట వ్యాపించినది.

నల్లమల చెంచుల ఆచారమొకటి ఈ సందర్భమున గుర్తునకు వచ్చుచున్నది. కొండచరియలకు పట్టిన తేనెతుట్టెల కొరకు చెంచు యువకుడు తాడు పట్టుకొని లోయలోనికి దిగును. పైన తాడు కాచుటకు బావమరిదిని నిలుపుకొందురని చెప్పుదురు. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడునకు వ్రేలాడుచున్నవని ఎరిగినవాడు ఏమరుపాటు చెందడుగదా! మన గుట్టపై తాడు కాచువాడు ఎవరి బావమరిది?

నిలుపుటకు సాధనము ఒక్కటి చాలదు. చేతితోళ్ళతో తాడును అదిమి వేగము తగ్గించుట ఒక పద్ధతి. అవతలి చివర స్ప్రింగుగాని, వెనుకకు లాగు తాడుగాని అమర్చుట మరియొక పద్ధతి. మొదటిది విఫలమైనను మనిషి ప్రమేయము లేక పనిచేయు రెండవ అడ్డు తప్పక ఉండవలెను. దీనిని కళ్ళారా చూచినగాని నమ్మరాదు.

ఇక అడవి మాట. ఈ క్రీడ అడవిలోనికి ఎట్లు వచ్చినదనగా, 1970 దశకములో మధ్య అమెరికాలోని కోస్టారికాలో డొనాల్డ్ పెర్రీ అను జీవశాస్త్రజ్ఞుడు వృక్షముల తలలలో నివసించు ప్రాణులను పరిశీలించుటకై తాళ్ళతో పైకెక్కెను. 1990 దశకమునకు ఆ దేశమున అదియే యాత్రికుల వినోదముగా మారినది. మన దేశమున 2009లో రాజస్థానములోని నీమ్రాణా కోట వద్ద మొదలైనది. మన జిల్లాలనుండి ఎందరో పనికై పోవు గల్ఫు దేశములలో, రాస్ అల్ ఖైమాలోని జెబెల్ జైస్ కొండపై 2018లో కట్టిన తాడు 2.8 కిలోమీటర్లకు పైబడినది; నాటికి ప్రపంచమున అంత పొడవైనది లేదు. అది చెట్టులేని రాతికొండ. బ్రిటనులోని వేల్స్‌లో 2013లో ప్రారంభమైనది పలకరాతి గనిపై కట్టబడినది. అందు వేగము గంటకు 160 కిలోమీటర్లు చేరును. వేగమే కావలసినవారికి అడవితో పనిలేదని దీనివలన స్పష్టము. హుజూర్‌నగరు, మేళ్ళచెరువు ప్రాంతములలో సిమెంటు కొరకు త్రవ్విన సున్నపురాతి గనులున్నవి. పని ముగిసిన గని ఏదైన సురక్షితమని ఇంజనీర్లు తేల్చినయెడల, గుట్టపై మిగిలిన నాలుగు చెట్లను బాధింపక అచ్చటనే కట్టరాదా అని మాకు తోచినది. ఇది మా ఊహ మాత్రమే.

అడవిలోనే కట్టినచో అడవికి లాభముండవలెను. న్యూజిలాండులోని రోటోరువా పట్టణము చెంతనున్న స్వదేశీయ అడవిలో 2012 నుండి ఇట్టి సవారీ నడుచుచున్నది. గబ్బిలములు తప్ప నేలపై తిరుగు క్షీరజంతువులు పూర్వము ఆ దేశమున లేవు. ఓడలలో వచ్చిన ఎలుకలు, స్టోట్ అను ముంగిసవంటి జంతువు, పోసమ్ అను చెట్టెక్కు జంతువు పక్షుల గ్రుడ్లను తిని, చిగుళ్ళను మేసి అడవిని మూగబోవునట్లు చేసినవి. సవారీ నడుపువారు తమ రాబడిలో కొంత వెచ్చించి అడవియందు బోనులు పెట్టించి ఈ జంతువులను తగ్గించుచున్నారు. పక్షులు మరల వచ్చుచున్నవి. టిక్కెట్టు కొన్నవానికి ఈ సంగతి దారిలోనే చెప్పుదురు. మన గుట్టలకు ఎలుకల బాధ లేకపోవచ్చును. వేసవి కార్చిచ్చు ఉన్నది, వన్నె పూలతో అలముకొను పులికంప ఉన్నది. నిప్పుగీతలు తీయుటకు, పులికంప పెరుకుటకు రాబడిలో ఎంత పాలు ఇచ్చెదరని అడుగవలెను.

తాడును చెట్టునకే కట్టు పద్ధతియు కలదు. మ్రాను చుట్టును ఇనుపతాడు బిగించినచో బెరడు క్రింద ఆహారరసము దిగు దారి తెగి, చెట్టు క్రమముగా ఎండిపోవును. మొక్కచుట్టు కంచెతీగ మరచిపోయిన రైతు దీనిని చూచియే యుండును. కావున ఉక్కు స్తంభములు మేలు. ఉన్న అడవిలో పక్షులు గూడు కట్టు నెలలలో ఆట నిలుపవలసిన చోట్లు కూడ ఉండవచ్చును.

చట్టము మాటకు వచ్చినచో, గుట్ట రిజర్వు అడవియైన పక్షమున పంచాయతీ తీర్మానముతో అచ్చట గుంత త్రవ్వుటకైనను వీలులేదు. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము వర్తించును. 2023లో చేసిన సవరణవలన, ఆమోదింపబడిన అటవీ కార్యప్రణాళికలో చేర్చిన పర్యావరణ యాత్రా సౌకర్యములకు కొంత వెసులుబాటు కలిగినది. కాని ఆ ప్రణాళిక అటవీశాఖది, పైవారి ఆమోదము లోబడినది. సాహసయాత్రల భద్రతకై కేంద్ర పర్యాటకశాఖ 2018లో వెలువరించిన మార్గదర్శక సూత్రములలో జిప్‌లైన్‌కును స్థానమున్నది. వీని ప్రతిని సంస్థవారినుండియే అడిగి పుచ్చుకొనవచ్చును. వారివద్ద లేకున్నచో, అదియు ఒక సమాధానమే.

తిరుగు ప్రయాణమున దేవరకొండ దాటిన పిమ్మట సర్పంచి ఆ మడిచిన కాగితమును తీసి, వెనుకవైపున వ్రాయించిరి: భూమి ఎవరిది, కట్లను పరీక్షించిన ఇంజనీరు ఎవరు, ప్రతి ఉదయము తాడును, పట్టీలను చూచి సంతకము చేయు పుస్తకము గ్రామసభకు చూపుదురా, ప్రమాదము జరిగినచో ఎక్కినవారికిని, ఊరివారికిని బీమా ఎంత, అడవికి ఇచ్చు పాలు ఎంత, ఊరిపిల్లలకు తాడు కాచు పని నేర్పుదురా. చివరిది గీతవృత్తి సభ్యులు చేర్చినది. ఆయన, "నేర్పితే మా పోరగాండ్లే చూసుకుంటరు. వాళ్ళకు తాడు కొత్త గాదు" అనిరి.

గ్రామసభలో ఈ ప్రశ్నలు చదువబడినవి. కొందరు యువకులు, పట్నమునకు పోకుండ ఊరిలోనే పని దొరకునన్న ఆశతో, జాప్యము తగదని వాదించిరి. వారి ఆశ అన్యాయమైనది కాదు. సభ రెండు గంటలు జరిగిన మీదట ప్రశ్నలను సంస్థవారికి పంపుటకు తీర్మానించిరి. వ్రాతమూలకమైన ప్రత్యుత్తరము ఇంకను రావలసియున్నది.