వార్తల్లో పదం: బ్యాక్‌హో

ట్రాక్టర్ వెనుక బిగించి, మోచేయిలా మడుస్తూ చాపుతూ నేల తవ్వే హైడ్రాలిక్ చేయి ఇది. జేసీబీకి వెనుక ఉండేదే, మినీ ట్రాక్టర్లకూ చిన్న సైజులో దొరుకుతుంది. పులివెందుల చీనీ తోటల్లో ఏడు టన్నులు దాటిన జేసీబీ తిరిగితే కొమ్మలు విరుగుతాయి, వేర్ల మీద నేల గట్టిపడుతుంది. చెట్ల సందుల్లో చిన్న యంత్రమే మేలు.

కొనేవాళ్లు ముందు అడిగేది ఎంత లోతు తవ్వుతుందని. ముందు చూడాల్సింది మాత్రం ట్రాక్టర్ బరువు. పాతిక హెచ్‌పీ బండి తూగేది టన్ను అటూ ఇటూ. వెనుక నాలుగైదు క్వింటాళ్ల ఇనుము వేలాడితే ముందు చక్రాలు లేచి స్టీరింగ్ మాట వినదు. ముందు వైపు బరువులు కట్టి తీరాలి.

చీనీ మొక్కకు మూడడుగుల గుంత, డ్రిప్ మెయిన్ పైపుకు రెండడుగుల కాలువ చాలు. అలాంటప్పుడు ఆరడుగులు అందే చేయి ఉంటే ఎక్కువే. బకెట్ వెడల్పు 9 నుంచి 12 అంగుళాలు సరిపోతుంది. ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడి తడిమీద బకెట్‌కు అంటుకుని ఒక పట్టాన రాలదు, పెద్ద బకెట్ అయితే ఆ బరువుకే చేయి లేవదు. జమ్మలమడుగు వైపు నాపరాయి పొర తగిలిందా, పళ్లు అరగడమే తప్ప రాయి కదలదు. అక్కడ బ్రేకర్ ఉన్న పెద్ద యంత్రాన్ని పిలవాల్సిందే.

బిగింపు ఇంకా ముఖ్యం. నాగలి తగిలించే లింకులకే వేలాడదీస్తే తవ్వే దెబ్బంతా వెనుక హౌసింగ్ మీద పడి పగలొచ్చు. ట్రాక్టర్ అడుగున ముందుదాకా సాగే సబ్‌ఫ్రేమ్ ఉందో లేదో చూశాకే బేరం మాట్లాడండి.