టాంజానియా బడి చెప్పిన పాఠము

తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా ప్రజలు తమ ప్రథమాధ్యక్షుడు జూలియస్ నైరేరేను నేటికిని ‘మ్వాలిము’ అనియే స్మరింతురు. స్వాహిలీ భాషలో ఆ మాటకు గురువు అని అర్థము. రాజకీయములలోనికి రాకపూర్వము ఆయన బడిపంతులు. షేక్స్పియరు ‘జూలియస్ సీజర్’ నాటకమును స్వాహిలీలోనికి అనువదించిన భాషాభిమాని. పదవి పోయినను పంతులు అను పేరు ప్రజల నాలుకపై నిలిచినది. ఉపాధ్యాయులమైన మనకు ఇది సంతోషకరమే. కాని ఆ గురువు ఏలిన దేశమున బడి తలుపు తెరచుకొని, మూసికొని, మరల తెరచుకొన్న కథ వినినచో ఆ సంతోషము ఆలోచనగా మారును.

మొదట జర్మనులు, పిదప ఆంగ్లేయులు పాలించిన టాంగన్యీకా 1961 డిసెంబరు 9న స్వతంత్రమయ్యెను. 1964లో జాంజిబారుతో కలిసి టాంజానియా అయ్యెను. పాలకులు విడిచిపోయిన సంపద యెట్టిది? త్రాళ్లు పేనుటకు పనికివచ్చు కిత్తనార తోటలు, కాఫీ, ప్రత్తి. పంట పండునది ఇచట. దాని ధర నిర్ణయమగునది విదేశముల విపణులలో. ఇక విద్య మాట: 1967 నాటికి వయోజనులలో మూడింట రెండు వంతులకు పైగా నిరక్షరాస్యులు.

ఆ సంవత్సరముననే నైరేరే అరూషా ప్రకటన ద్వారా స్వావలంబనమే తమ మార్గమని చాటెను. వలస పాలకుల చదువు కొందరిని గుమాస్తాలను చేయుటకే ఉద్దేశింపబడినదనియు, పల్లెలో బ్రతుకువారికి ఉపకరించు చదువు కావలెననియు వాదించెను. ప్రాథమిక విద్య స్వాహిలీలో సాగెను. 1973లో ప్రాథమిక పాఠశాలలలో జీతము కట్టవలసిన పని తప్పినది. 1977 నాటికి బాలబాలికలందరిని బడిలో చేర్చవలెనని సంకల్పించిరి. పల్లెలలో చిన్న వైద్యశాలలు వెలసెను. పెద్దలు సైతము పలక పట్టిరి.

అయితే బడికిని వైద్యశాలకును ధనము కావలెను. కృత్రిమ దారములు వచ్చుటతో కిత్తనార ధర పడిపోయెను. చమురు ధరలు 1973లోను, 1979లోను మిన్నంటెను. 1978–79లో ఉగాండాతో యుద్ధము వచ్చిపడెను. దోషమంతయు పరాయివారిదే అనుట న్యాయము కాదు: రైతులను బలవంతముగా క్రొత్త గ్రామములకు తరలించిన విధానము సేద్యమును దెబ్బతీసినది. అప్పులు పేరుకొన్నవి. 1985లో నైరేరే పదవి నుండి తప్పుకొనెను. 1986లో ప్రభుత్వము అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒడంబడిక చేసికొనెను. ఆ కష్టకాలమున బడిలో రుసుము మరల ప్రవేశించినది. 1993లో ప్రభుత్వ ఆసుపత్రులలోను రుసుము వచ్చినది. రోగికి మందునకు, బిడ్డకు పలకకు నడుమ తల్లి ఎంచుకొనవలసిన దినములు దాపురించెను.

2001లో అప్పులో పెద్ద భాగము తొలగించుటకు ఋణదాతలు సమ్మతించిరి. ఆ యేటనే ప్రాథమిక పాఠశాలల రుసుమును ప్రభుత్వము ఎత్తివేసెను. లక్షలాది పిల్లలు బడికి వెల్లువవలె వచ్చిరి! తల్లిదండ్రులకు చదువుపై శ్రద్ధ లేదన్న నింద ఒక్కసారిగా తేలిపోయినది. కాని కూర్చుండుటకు బల్లలు చాలలేదు. పాఠము చెప్పుటకు పంతుళ్లు చాలలేదు. స్వాహిలీలో చదివిన బాలుడు ఉన్నత పాఠశాలలో అడుగిడగానే ఇంగ్లీషు ఎదురై నోరు మెదపలేకపోయెను. ఈ చిక్కు తెలుగు ఉపాధ్యాయునికి విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక జెండా దింపి మరియొకటి ఎగురవేయుటకు ఒక రాత్రి చాలును. తన పంటకు తాను ధర చెప్పుకొనలేని దేశమున, బడిగంట మ్రోగించు త్రాడు చాలకాలము ఇతరుల చేతిలోనే యుండును. ఆ త్రాటిని తన చేతికి తెచ్చుకొనుటకు ఒక బడిపంతులు చేసిన యత్నము పూర్తిగా ఫలింపలేదు; అయినను వ్యర్థము కాలేదు. ఒకసారి అక్షరము రుచి చూచిన జాతి, తలుపు తెరచిన మరునాడే తన బిడ్డలను మరల బడికి పంపినది. విద్యార్థులారా, రుసుము లేని బడిలో కూర్చుండుట ఎంతటి భాగ్యమో ఆ పిల్లలు ఎరుగుదురు. మనమును ఎరుగవలెను.