వీడియో కూర్పుకు కంప్యూటరు కొంటున్నారా?



మా అత్తగారు శుక్రవారాలు పాడే మంగళహారతులను ఫోనులో తీసి ఉంచాను. ఆవిడ పోయాక, సంవత్సరీకం నాటికి వాటన్నిటినీ ఒక గంట వీడియోగా కూర్చి బంధువులకు ఇద్దామనుకున్నాను. అందుకని నాజూకైన ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. రంగు బావుంది, బరువు తక్కువ. తీరా పని మొదలుపెడితే నాలుగు ముక్కలు అతికించేసరికి బొమ్మ నిలిచిపోయింది. గొంతు ఒకచోట, పెదవుల కదలిక మరోచోట! తప్పు దుకాణం అబ్బాయిది కాదండీ. ఏ పనికో నేను చెప్పలేదు, అతను అడగలేదు.

గ్రైండరు కొనేటప్పుడు ఇంట్లో ఎంతమందికి పిండి రుబ్బాలో చూసుకుంటాం కదా! ఇక్కడా అంతే. ముందు పని, తరవాత సాఫ్ట్‌వేరు, ఆ తరవాతే కంప్యూటరు. ఈ వరస తప్పితే డబ్బు దండగ.

అసలు వీడియో అంటే కంప్యూటరుకు ఎందుకంత బరువు? పాల లెక్క రాస్తాం చూడండి, మొదటి రోజు 'లీటరు' అని రాసి, మర్నాటి నుంచి కింద చుక్కలు పెట్టుకుంటూ పోతాం. మార్పు వచ్చిన రోజే మళ్ళీ అంకె వేస్తాం. ఫోనూ అలాగే చేస్తుంది. కొన్ని బొమ్మలనే పూర్తిగా దాచి, మిగతా వాటిలో తేడా మాత్రం రాసుకుంటుంది. జాగా కలిసొస్తుంది. కాని మధ్యలో కత్తిరించాలంటే కంప్యూటరు వెనక్కి వెళ్ళి, ఆ చుక్కలన్నీ విప్పుకుని బొమ్మను కట్టుకోవాలి. అదీ సెకనుకు 30 బొమ్మల చొప్పున!

ఇక సాఫ్ట్‌వేరు. పుట్టినరోజు ముక్కలు నాలుగు అతికించడానికి విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్, యాపిల్ వారి మ్యాక్‌లో అయితే ఐమూవీ చాలు. పాట, పేర్లు, ఒకదానిమీద ఒకటి బొమ్మలు కావాలంటే షాట్‌కట్, కేడెన్‌లైవ్ ఉన్నాయి. రెండూ పూర్తిగా ఉచితం. డావించీ రిజాల్వ్‌లో ఉచిత రకమే మన ఇంటి పనులకు ధారాళంగా సరిపోతుంది, కాని దానికి గట్టి యంత్రం కావాలి. అడోబీ ప్రీమియర్‌కి ఇంటద్దెలాగా కడుతూనే ఉండాలి. ఫైనల్ కట్ ప్రో మ్యాక్‌లో తప్ప విండోస్‌లో పనిచెయ్యదు.

సాఫ్ట్‌వేరు ఎంచుకున్నాక దాన్ని తయారుచేసినవారు ఎలాంటి యంత్రం కావాలంటున్నారో చూడండి. 'కనీసం' అని ఒకటి, 'మంచిది' అని ఒకటి రాస్తారు. కనీసంతో కొంటే ఊపిరాడుతుందంతే. రెండోదాన్ని బట్టే కొనండి.

ర్యామ్ అంటే మన వంటగట్టు. గట్టు ఇరుకైతే ఎంత వంటగత్తెకైనా చెయ్యాడదు. మామూలు కూర్పుకు 16 జీబీ ఉండాలి. 4కె వీడియోలు, హంగులు ఎక్కువైతే 32 మేలు. చాలా నాజూకు ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, తరవాత పెంచడం కుదరదు. కొనేముందే అడగండి. రిజాల్వ్ వాడేవారు విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నది చూసుకోవాలి.

సామాన్ల గది ఎస్.ఎస్.డి. 512 జీబీకి తగ్గకుండా తీసుకోండి. ఐఫోనులో తీసిన 4కె వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ అవుతుంది. అంటే గంటకు 10 జీబీ పైమాటే!

ఇంట్లో ఒకచోటే కూర్చుని చేసుకునేవారికి డెస్క్‌టాప్ నయం. అదే ధరకు సత్తువ ఎక్కువ, భాగాలు మార్చుకోవచ్చు. కరెంటు పోతే చేసినదంతా పోకుండా యూపీఎస్ మాత్రం తప్పనిసరి. పాత కంప్యూటరు చవగ్గా వస్తోందంటే విండోస్ 11 ఎక్కుతుందో లేదో కనుక్కోండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

ఇంతకీ మా అత్తగారి వీడియో ఏమైందంటారా? ఆ నాజూకు ల్యాప్‌టాప్‌లోనే పూర్తయింది. 'ప్రాక్సీ' అని ఒక సదుపాయం ఉంది. సాఫ్ట్‌వేరు ప్రతి వీడియోకీ ఒక చిన్న, తేలికైన నకలు తయారు చేస్తుంది. మనం నకలు మీద కత్తిరింపులన్నీ చేసుకుంటే, చివర్లో అసలు వీడియోతో కూర్చి ఇస్తుంది. నేను చెప్పిన సాఫ్ట్‌వేర్లలో షాట్‌కట్, కేడెన్‌లైవ్, రిజాల్వ్, మూడింటిలోనూ ఇది ఉంది. నాకు ఆలస్యంగా తెలిసింది కనుక సంవత్సరీకం దాటిపోయింది. మీరు మాత్రం ఉన్న కంప్యూటరులో ముందు దీన్ని ప్రయత్నించి, ఆపైనే కొత్తదానికి డబ్బు తియ్యండి.

చివరిగా ఒక్క మాట. అసలు వీడియోలను రెండు విడి డిస్కుల్లో దాచి, ఒకటి పుట్టింట్లోనో అక్కయ్యగారింట్లోనో పెట్టండి. కంప్యూటరు పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఆ గొంతు మళ్ళీ ఎక్కడ కొంటామండీ?

సెలవు.